రాజధానికి వెళ్లే మాత, ఇగ్వేకు వచ్చే జనం

కరీబియన్ దేశమైన డొమినికన్ రిపబ్లిక్‌లో ఏటా జనవరి 21 సెలవు దినం. అంతకు రెండు మూడు రోజుల ముందు నుంచే దేశం నలుమూలల నుంచి జనం బస్సుల్లో, ట్రక్కుల్లో, కొందరైతే కాలినడకన, తూర్పు కొసన ఉన్న ఇగ్వే పట్టణానికి బయలుదేరతారు. వాళ్లంతా చూడవచ్చేది ఒక చిన్న పటాన్ని. దాదాపు 45 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గుడ్డ మీద, ఐదు శతాబ్దాల కిందట పేరు తెలియని స్పానిష్ చిత్రకారుడొకరు గీసిన క్రీస్తు జనన దృశ్యమది. ఆ పటంలోని మరియమాతను ఆల్తాగ్రాసియా మాతగా కొలుస్తారు. చనువున్నవాళ్లు 'తాతికా' అని ముద్దుగా పిలుచుకుంటారు. ఆ దేశంలో ఆల్తాగ్రాసియా అన్న పేరున్న ఆడపిల్ల లేని వీధి అరుదు.

ఇంతవరకు ఇది ఏ పుణ్యక్షేత్రం గురించైనా చెప్పగలిగే కథే. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. డొమినికన్ రిపబ్లిక్‌కు అధికారికంగా పాలక పునీతురాలు ఆల్తాగ్రాసియా మాత కాదు, మెర్సెదెస్ మాత. జనవరి 21 ఏ దర్శనం జరిగిన రోజో, ఏ అద్భుతం జరిగిన రోజో కాదు. ఒక యుద్ధంలో గెలిచిన రోజు. మాతకు కిరీటధారణ రెండుసార్లు జరిగితే రెండుసార్లూ అది జరిగింది ఇగ్వేలో కాదు, దూరాన ఉన్న రాజధాని సాంటో డొమింగోలో. పైగా ఆ విజయం ఫ్రెంచివారి మీద సాధించినది కాగా, వారి వలసగా ఉండిన నేలలో తరువాత పుట్టిన హైతీ దేశపు ప్రజలూ అదే రోజున అదే మాతను కొలుస్తారు. ఈ ముడులను ఒక్కొక్కటిగా విప్పితే తప్ప ఇగ్వే ఎందుకు పుణ్యక్షేత్రమైందో, ఎవరికి పుణ్యక్షేత్రమైందో అర్థం కాదు.

ఇగ్వే అన్నది మొదట ఊరి పేరు కాదు. కొలంబస్ వచ్చేనాటికి, ఇప్పటి డొమినికన్ రిపబ్లిక్, హైతీలు రెండూ ఉన్న ఇస్పన్యోలా ద్వీపం, అక్కడి మూలవాసులైన టైనో ప్రజల నాయకుల ఏలుబడిలో పలు రాజ్యాలుగా ఉండేది. వాటిలో తూర్పు చివరిది ఇగ్వే. స్పానిష్ పాలనకు చివరిదాకా లొంగని ప్రాంతం కూడా ఇదే. అక్కడ యుద్ధం ఎలా రాజుకుందో బార్తొలోమే దె లాస్ కాసాస్ రాసిపెట్టాడు. 1502లో గవర్నర్ నికొలాస్ దె ఒవాందోతో పాటు ఈ ద్వీపానికి వచ్చిన ఆయన, తరువాత క్రైస్తవ సన్యాసియై, తన జాతివారు చేసిన ఘోరాలకు సాక్షిగా నిలిచినవాడు. ఇగ్వే తీరానికి ఎదురుగా ఉన్న సవోనా దీవిలో టైనోలు స్పానిష్ ఓడకు కర్రపెండలం రొట్టెలు ఎక్కిస్తున్నారట. పని చూసుకుంటున్న టైనో నాయకుడొకరి మీదికి ఒక స్పానియార్డు వేటకుక్కను ఉసిగొల్పాడు. పట్టు తప్పిన కుక్క ఆయన కడుపు చీల్చి పేగులు బయటికి లాగింది, ఆయన బతకలేదు. ప్రతీకారంగా టైనోలు దీవికి వచ్చిన స్పానిష్ నావికులను చంపారు. ఒవాందో హువాన్ దె ఎస్కివేల్ నాయకత్వంలో సైన్యాన్ని పంపాడు.

ఆ యుద్ధం మొదటి విడత సంధితో ముగిసింది. టైనో నాయకుడు కోతుబనమా, ఎస్కివేల్ తమ ఆచారం ప్రకారం పేర్లు మార్చుకున్నారు. అలా పేరు ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు టైనోల లెక్కలో అన్నదమ్ములతో సమానం. ఆ బంధుత్వం ఎక్కువ కాలం నిలవలేదు. అక్కడ కాపలా ఉంచిన స్పానిష్ సైనికుల దౌర్జన్యం భరించలేక టైనోలు కోటను తగలబెట్టారు, రెండో విడత యుద్ధం వచ్చింది. ఇగ్వనమా అనే వృద్ధ రాణిని ఉరితీశారు. కోతుబనమాను సవోనా దీవిలో పట్టుకొని సాంటో డొమింగోకు తీసుకుపోయి ఉరితీశారు. ఇదంతా 1504 నాటికి ముగిసింది. ఆ బూడిద మీద లేచిన ఊరే సాల్వలెయోన్ దె ఇగ్వే. పుణ్యక్షేత్ర చరిత్రను పటంతో మొదలుపెట్టడం రివాజు. కానీ ఆ పటం వచ్చి చేరింది ఖాళీ నేలకు కాదు, ఖాళీ చేయించిన నేలకు. ఈ మాట చెప్పకుండా ముందుకు పోవడం సరికాదు.

కొత్త ఊరికి పాలనాధికారిగా వచ్చినవాడు హువాన్ పోన్సే దె లెయోన్. తరువాతి కాలంలో ప్యూర్టో రీకోను ఆక్రమించి, ఫ్లోరిడా తీరం చేరి పేరు మోసినవాడు ఈయనే. ఇగ్వేకు దగ్గరలో యూమా వద్ద ఆయన కట్టుకున్న రాతి ఇల్లు ఇంకా నిలిచి ఉంది. పొలాల్లో టైనోల చేత కర్రపెండలం పండించి, రొట్టె చేయించి, స్పెయిన్‌కు తిరిగివెళ్లే ఓడలకు అమ్మి ఆయన సొమ్ము కూడబెట్టాడు. 1508లో ఆయన ప్యూర్టో రీకోకు వెళ్లిపోయాడు. బంగారం ఆశ కూడా అటే పోయింది. ఇగ్వే పశువుల మందలతో, కొద్దిమంది మనుషులతో, రాజధానికి రోజుల తరబడి ప్రయాణమంత దూరంలో మిగిలిపోయింది.

పటం ఇక్కడికి ఎలా వచ్చిందన్నదానికి రెండు సమాధానాలు ఉన్నాయి: ఒకటి కాగితం మీదిది, ఇంకొకటి జనం నోట నానేది. కాగితం చెప్పేది క్లుప్తంగా ఉంటుంది. 1650లో లూయిస్ హెరోనిమో అల్కోసెర్ అనే క్రైస్తవ గురువు ఈ ద్వీపం గురించి రాసిన నివేదికలో, స్పెయిన్‌లోని ఎస్త్రెమదూరా ప్రాంతపు ప్లాసెన్సియా పట్టణానికి చెందిన అలోన్సో దె త్రేహో, అంతోనియో దె త్రేహో అనే కులీనులు, తొలి వలసదారుల్లో ఉన్నవారు, ఈ పటాన్ని తెచ్చారని పేర్కొన్నాడు. ఇందులో నమ్మలేనిది ఏమీ లేదు. ఒవాందో ఎస్త్రెమదూరా వాడు. ఆయన వెంట వచ్చినవారిలో చాలామంది ఆ ప్రాంతపు వాళ్లే. ఆ ప్రాంతంలోని గర్రొవియ్యాస్ వంటి ఊళ్లలో ఆల్తాగ్రాసియా మాత పట్ల భక్తి ఉంది. సముద్రం దాటిపోయేవాడు తన ఇలవేల్పును మూటకట్టుకుపోవడం లోకంలో కొత్త కాదు.

జనం నోటి కథ దీనికన్నా చాలా అందంగా ఉంటుంది. ఇగ్వేలో ఒక వ్యాపారికి ఇద్దరు కూతుళ్లు. సరుకుల కోసం రాజధానికి పోతూ ఏం తెమ్మంటారని అడిగితే పెద్దమ్మాయి బట్టలు, నగలు అడిగింది; చిన్నమ్మాయి ఆల్తాగ్రాసియా మాత పటం కావాలంది. ఆ పేరు ఎవరూ వినలేదు. తండ్రి ఎంత వెతికినా దొరకలేదు. తిరుగుదారిలో ఒక ఇంట రాత్రి బస చేసి ఈ సంగతి చెప్పుకుంటుండగా, అక్కడే తలదాచుకున్న గడ్డపు ముసలాయన ఒకరు సంచిలోంచి పటం తీసి ఇచ్చాడు. తెల్లవారేసరికి మనిషి లేడు. పటం ఇల్లు చేరింది గానీ ఇంట్లో నిలవలేదు. ఎన్నిసార్లు లోపల పెట్టినా బయట ఉన్న నారింజ చెట్టు దగ్గరే కనిపించేది. అక్కడే గుడి కట్టారు. పటం తన చోటును తానే ఎంచుకుందని చెప్పే ఇలాంటి కథలు కాథలిక్ లోకంలో ఎన్నో ఉన్నాయి. ఊరు మారని దేవతల కథలు మనకూ తక్కువేమీ కాదు. చారిత్రక సాక్ష్యంగా దీన్ని తూచడం వృథా. కానీ కథ పట్టుబట్టి చెబుతున్న విషయం ఒకటుంది: మాత ఉండాల్సింది ఇక్కడే, ఇంకెక్కడా కాదు. తరువాతి చరిత్రలో రాజధానికీ ఇగ్వేకూ మధ్య సాగిన లాగుడుపీకుడు చూస్తే, ఈ పట్టుదల వెనుక ఆ ఊరివాళ్ల మనసేమిటో తెలుస్తుంది.

ఇక పటం. దగ్గరగా చూస్తే మొదట కంటికి ఆనేది నిశ్శబ్దంగా చేతులు జోడించి, తల వంచి బిడ్డను చూస్తున్న తల్లి. నక్షత్రాలు చల్లిన నీలి పైవస్త్రం, ఎదపై తెల్లటి వస్త్రం, తల చుట్టూ పన్నెండు నక్షత్రాలు. గడ్డిపరకల మీద బట్టల్లేని బాలయేసు. వెనుక ఎడంగా, ఎర్రటి అంగవస్త్రంతో యోసేపు, చేతిలో చిన్న కొవ్వొత్తి. పైనున్న తార నుంచి రెండు కిరణాలు బిడ్డ వైపు దిగుతాయి. చెప్పుకోదగ్గది ఏమిటంటే ఇందులో మరియమాత సింహాసనం మీద లేదు, చంద్రవంకపై నిలబడలేదు. అప్పుడే బిడ్డను కన్న ఇల్లాలు. పటం చుట్టూ ఉన్న చట్రం మాత్రం బంగారం, మీనాకారీ పని, విలువైన రాళ్లతో 18వ శతాబ్దపు కంసాలి ఒకరు చేసినది. శతాబ్దాల తరబడి కొవ్వొత్తుల పొగ పట్టి, చేతులు తగిలి నలిగిన పటాన్ని 1978లో స్పెయిన్‌లో శుభ్రపరిచి మరమ్మతు చేయించారు. నీలం, తెలుపు, ఎరుపు ఈ మూడూ డొమినికన్ జెండా రంగులే అని ప్రసంగాల్లో తరచూ చెబుతారు. జెండా పుట్టింది 1844లో. పటం అప్పటికి మూడు వందల ఏళ్ల పైబడినది. కాకతాళీయమే అయినా, జనం తమ జెండాను ఆ పటంలో చూసుకోవడం మొదలుపెట్టాక దాని ప్రభావం కాకతాళీయంగా మిగలదు.

ఇగ్వేలో తొలి రాతి గుడి సాన్ దియోనీసియో 1572లో పూర్తయింది; ఇప్పటికీ ఉంది. పేద పశువుల ఊరికి అది పెద్ద కట్టడమే. ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి: కథీడ్రల్, రాజప్రతినిధి, విశ్వవిద్యాలయం అన్నీ సాంటో డొమింగోలో ఉండగా భక్తి ఈ మారుమూలకు ఎందుకు పోగుపడింది? మారుమూల కావడమే అందుకు కారణమని నాకు అనిపిస్తుంది. యాత్ర అన్నాక దూరం ఉండాలి, కష్టం ఉండాలి. మొక్కు తీర్చుకోవడమంటే ఆ కష్టాన్ని సమర్పించడం. పైగా తూర్పు ప్రాంతం తోటల కన్నా పశువుల మీద బతికిన నేల. యజమాని, కాపరి, స్వేచ్ఛ పొందిన నల్లజాతివాడు ఒకే గుర్రపు దారుల్లో తిరిగిన సమాజం. ఆ దారులే యాత్రా మార్గాలయ్యాయి. ఆగస్టు పండుగకు ఊరూరా తిరిగి మొక్కుబడి పశువులను సేకరించి, పాటలు పాడుకుంటూ మాత సన్నిధికి తోలుకొచ్చే సంప్రదాయం నేటికీ మిగిలి ఉంది. 'సాల్వే' అనే ఆ పాటల్లో లాటిన్ ప్రార్థన నీడ ఉంటుంది. పక్కన మోగే డప్పులు మాత్రం ఆఫ్రికా నుంచి వచ్చినవి.

మొక్కుల స్వభావం చూడాలంటే గుడి పక్కనున్న మ్యూజియంలో 18వ శతాబ్దపు చిత్రకారుడు డియేగో హోసే ఇలారిస్ గీసిన చిత్రాల వరుస చూడాలి. ఒక్కో చిత్రం ఒక్కో అద్భుతం: జబ్బు నయమైన మనిషి, ఆపదలోంచి బయటపడిన మనిషి, మూలన మేఘాల మధ్య పటం. రాజుల గెలుపులు కావవి, మనుషుల గండాలు. చేతులు, కాళ్లు, కళ్ల ఆకారంలో చేయించిన చిన్న వెండి రేకులు ఇప్పటికీ మొక్కుగా చెల్లిస్తారు. మోకాళ్ల మీద నడిచి వచ్చేవాళ్లు, పటం ముందరి అద్దాన్ని ఒక్కసారి తాకాలని గంటలకొద్దీ వరుసలో నిలబడేవాళ్లు, అందరూ ఆ చిత్రాల్లోని మనుషుల వారసులే.

అయితే పండుగ తేదీ మాత్రం గండాల నుంచి కాక గెలుపు నుంచే వచ్చింది. దాని మూలం కోసం 1605కు పోవాలి. ఆ ఏడాది, మరుసటి ఏడాది గవర్నర్ అంతోనియో దె ఒసోరియో స్పెయిన్ రాజు ఆజ్ఞపై ద్వీపపు ఉత్తర, పడమటి తీరాల్లోని ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించి, జనాన్ని రాజధాని చుట్టుపక్కలకు తరలించాడు. డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు దొంగ వ్యాపారులతో ఆ ఊళ్ల వాళ్లు తోళ్లు అమ్ముకోవడం ఆపడం ఉద్దేశం. ఫలితం సరిగ్గా తలకిందులైంది. ఖాళీ అయిన పడమటి నేలలోకి ఫ్రెంచి వేటగాళ్లు, సముద్రపు దొంగలు వచ్చి చేరారు. వాళ్ల వెనుక ఫ్రాన్స్ రాజ్యం వచ్చింది. అలా పుట్టిన వలసే సాన్ దొమాంగ్, తరువాతి హైతీ. తోళ్ల అక్రమ రవాణాను ఆపబోయి ద్వీపంలో మూడో వంతుకు పైగా పోగొట్టుకున్నారు.

1691 జనవరి 21న ఉత్తర తీరంలోని లిమొనాద్ మైదానంలో స్పానిష్, ఫ్రెంచి సేనలు తలపడ్డాయి. స్పానిష్ పక్షంలో తూర్పు ప్రాంతాల నుంచి వచ్చిన బల్లెంపోటు మొనగాళ్లు ఉన్నారు; పశువులను తరిమి వేటాడిన బల్లేలనే యుద్ధంలోకి తెచ్చారు. ఫ్రెంచి గవర్నర్ తారాఁ దె క్యుస్సీ ఆ పోరులో చనిపోయాడు. తూర్పువాళ్లు బయలుదేరే ముందు ఆల్తాగ్రాసియా మాతకు మొక్కుకున్నారని, గెలిచి వచ్చాక ఆ తేదీన పండుగ చేశారని సంప్రదాయం. అంతకుముందు మాత పండుగ ఆగస్టు 15న, మరియమాత పరలోకానికి చేరిన మోక్షారోపణ పండుగతో పాటు జరిగేది. కాలక్రమంలో జనవరి తేదీ పైచేయి సాధించింది. 19వ శతాబ్దం చివర సాంటో డొమింగో ఆర్చిబిషప్ ఫెర్నాందో అర్తూరో దె మెరీన్యో, ఒకప్పుడు దేశాధ్యక్షుడిగానూ పనిచేసినవాడు, జనవరి 21కి ప్రత్యేక పూజావిధానం కావాలని వాటికన్‌ను కోరి ఆ తేదీకి చర్చి ముద్ర వేయించాడు.

ఈ విజయాన్ని హైతీ మీద విజయంగా చూపే ధోరణి తరువాత పుట్టింది. చరిత్ర ఆ మాటకు ఒప్పుకోదు. 1691లో హైతీ అనే దేశం లేదు. ఎదురుబొదురుగా నిలబడ్డవి రెండు ఐరోపా రాజుల సేనలు. ఫ్రెంచి తోటల్లో చెరకు నరకడానికి ఆఫ్రికా నుంచి లక్షలాది బానిసలను తెచ్చింది ఆ తరువాతే. ఆ బానిసలే తిరగబడి 1804లో హైతీని స్వతంత్రం చేసుకున్నారు. 1822 నుంచి 1844 దాకా హైతీ ద్వీపాన్నంతా ఏలింది. డొమినికన్లు 1844 ఫిబ్రవరి 27న విడిపోయి స్వతంత్రం ప్రకటించుకున్నారు. అప్పటి నుంచి డొమినికన్ జాతీయభావం స్పెయిన్‌కు కన్నా హైతీకి ఎడంగా నిలబడి తనను తాను నిర్వచించుకుంది. ఆ కళ్లతో వెనక్కి చూసినప్పుడు, పడమటి వైపు నుంచి వచ్చిన ప్రతి శత్రువూ ఒక్కడిలాగే కనిపించాడు. 1691 నాటి ఫ్రెంచివాడు హైతీవాడైపోయాడు.

ఇప్పుడు ఇద్దరు మాతల ముడి. మెర్సెదెస్ మాత భక్తికి మూలం 1495లో లోయను చూస్తూ ఉండే సాంతో సెర్రో కొండ దగ్గర టైనోలతో జరిగిన పోరులో మాత కొలంబస్ మనుషులను కాపాడిందన్న నమ్మకం. 1615 భూకంపం తరువాత ఆ మాతను ద్వీపానికి పాలకురాలిగా ప్రకటించారు. ఆ స్థానం రాజ్యమూ చర్చీ రాజధానిలో కూర్చొని ఇచ్చినది. ఆల్తాగ్రాసియా మాతను డొమినికన్ ప్రజల రక్షకురాలిగా, ఆధ్యాత్మిక తల్లిగా పిలవడం భక్తి కింది నుంచి పెరిగి వచ్చిన ఫలితం. ఇద్దరూ వేర్వేరు వ్యక్తులు కారు, ఒకే మరియమాతకు రెండు బిరుదులు. కాబట్టి సాధారణ భక్తుడికి ఇందులో పోటీ కనిపించదు. రాజ్యం కూడా తగువులోకి దిగకుండా జనవరి 21, మెర్సెదెస్ మాత పండుగైన సెప్టెంబరు 24 రెండింటినీ సెలవులుగా ఉంచింది. సెలవులను సోమవారానికి జరపవచ్చన్న 1997 నాటి చట్టం ఈ రెండు తేదీలనూ కదిలించలేదు.

కానీ రాజకీయంగా బరువు ఎటు మొగ్గిందో 1922 చెబుతుంది. అప్పుడు దేశం అమెరికా సైనిక ఆక్రమణలో ఉంది. 1916లో దిగిన అమెరికా నావికాదళం 1924 దాకా పోలేదు. ఆర్చిబిషప్ అదోల్ఫో నొవేల్, ఈయన కూడా కొన్నాళ్లు అధ్యక్షుడిగా చేసినవాడే, ఆల్తాగ్రాసియా పటాన్ని ఇగ్వే నుంచి రాజధానికి రప్పించాడు. పోపు పదకొండవ పయస్ అనుమతితో 1922 ఆగస్టు 15న కిరీటధారణ జరిగింది. జరిగిన చోటు ప్యుయెర్తా దెల్ కోందె, అంటే 1844లో స్వాతంత్ర్యం ప్రకటించిన కోట ద్వారం. సొంత జెండా ఎగరేసుకోలేని దేశంలో, స్వాతంత్ర్యం పుట్టిన గుమ్మం దగ్గర, జెండా రంగులున్న మాతకు కిరీటం. దీన్ని కేవలం భక్తి కార్యక్రమంగా చూడడం కష్టం. ఆక్రమణదారులు అభ్యంతరం చెప్పలేని పద్ధతిలో చేసిన ప్రకటన అది.

అదే భక్తిని నియంత కూడా వాడుకోగలిగాడు. 1930 నుంచి 1961 దాకా దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న రఫాయెల్ త్రుహియ్యో హయాంలోనే ఇగ్వేలో కొత్త దేవాలయానికి సంకల్పం జరిగింది. 1947లో అంతర్జాతీయ పోటీ పెట్టారు. ఫ్రెంచి వాస్తుశిల్పులు ఆంద్రే దునొయే దె సెగొంజాక్, పియేర్ దుప్రే గెలిచారు. 1954లో పని మొదలైంది. వాటికన్‌తో త్రుహియ్యో ఒడంబడిక కుదుర్చుకున్న ఏడాది కూడా అదే. పాత గుడికి కాస్త దూరంలో, పొడుగాటి కాంక్రీటు కమానులు ఒకదాని వెనుక ఒకటిగా నిలిచి, నడుమనున్నది అన్నింటికన్నా ఎత్తుగా ఆకాశంలోకి లేచే కట్టడమది. ప్రార్థనకు జోడించిన చేతులని చూపించి చెబుతారు. 17 ఏళ్లకు పని ముగిసేసరికి త్రుహియ్యో లేడు. ఒకప్పుడు ఆయన చేతికింద అధ్యక్షుడిగా ఉండిన హోవాకీన్ బలగేర్ 1971 జనవరి 21న ప్రారంభించాడు. పటం కొత్త గుడికి చేరింది. అంతకు కొద్ది ముందే, 1970 అక్టోబరు 12న పోపు ఆరవ పాల్ దానికి బసిలికా హోదా, అంటే ప్రత్యేక గౌరవమున్న గుడి హోదా, ఇచ్చాడు. నేటి 50 పెసోల నోటు మీద ఆ కమానులు కనిపిస్తాయి. నోటు రెండోవైపు సాంటో డొమింగో కథీడ్రల్.

ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నా చర్చి చివర్లో నియంతకు ఎదురు తిరిగింది. 1960 జనవరిలో ప్రతిపక్ష యువకులను వందల సంఖ్యలో జైళ్లలో వేసి హింసిస్తుండగా, నెలాఖరున దేశంలోని పీఠాధిపతులందరి సంతకాలతో ఒక లేఖను గుళ్లలో చదివారు. మనిషికి పుట్టుకతో వచ్చే హక్కులను రాజ్యం హరించరాదన్నది దాని సారం. సంతకాలు చేసినవారిలో ఇగ్వే మొదటి పీఠాధిపతి హువాన్ ఫేలిక్స్ పెపేన్ ఒకరు. ఇగ్వే మేత్రాసనం, అంటే పీఠాధిపతి పాలనలోని ప్రాంతం, అంతకు ముందటి ఏడాదే, 1959లో, ఏర్పడింది. ఆ తరువాత నెలల్లో చర్చి మీద త్రుహియ్యో పగబట్టాడు. ఏటా జనవరి 21న దేశంలోని పీఠాధిపతులు సమాజపు సమస్యలపై ఉమ్మడి లేఖ విడుదల చేయడం ఇప్పుడు ఆనవాయితీ. రాజకీయ నాయకులు దాన్ని జాగ్రత్తగానే చదువుతారు.

తరువాతి ఘట్టాల్లోనూ అదే తీరు కనిపిస్తుంది. పోపు రెండవ జాన్ పాల్ తన తొలి విదేశీ యాత్రలో మొదట అడుగుపెట్టిన దేశం డొమినికన్ రిపబ్లిక్. 1979 జనవరి 25న బంగారు పూత పూసిన వెండి కిరీటాన్ని మాతకు స్వయంగా సమర్పించాడు, అదీ సాంటో డొమింగోలోనే. 1922 కిరీటధారణకు నూరేళ్లు నిండిన 2022 ఆగస్టులో పోపు ఫ్రాన్సిస్ తన ప్రతినిధి ఎద్గార్ పేన్యా పార్రా ద్వారా, పోపులు గౌరవసూచకంగా ఇచ్చే బంగారు గులాబిని పంపినప్పుడు కూడా ప్రధాన పూజ జరిగింది రాజధానిలోని ఒలింపిక్ స్టేడియంలో. మినహాయింపు ఒకటే చెప్పుకోవాలి: కొలంబస్ రాకకు ఐదు వందల ఏళ్లు నిండిన 1992 అక్టోబరు 12న రెండవ జాన్ పాల్ ఇగ్వేకు వచ్చి పూజ చేశాడు. రాజ్యానికి అవసరం పడితే మాతే రాజధానికి వెళుతుంది. మనిషికి అవసరం పడితే మనిషే ఇగ్వేకు వెళతాడు. ఈ రెండు ప్రయాణాలనూ ఒకటిగా కలిపి 'జాతి భక్తి' అనేయడం వల్లే ఈ క్షేత్రం గురించిన చర్చల్లో సగం గందరగోళం పుడుతోంది.

వేరుగా చూసినప్పుడు హైతీవాళ్ల సంగతి అంత వింతగా తోచదు. సరిహద్దు గీతలు బిగుసుకోక ముందు నుంచీ హైతీ నుంచి ఇగ్వేకు యాత్రికులు వచ్చేవారు. వాళ్లకూ ఆమె మొక్కుల తల్లే. హైతీలో ఆమెను ఆల్తాగ్రాస్ మాత అంటారు, రాజధాని శివారు దెల్మాలో ఆ పేరుతో గుడి ఉంది, జనవరి 21నే పండుగ. ఆఫ్రికా మూలాలున్న డొమినికన్ వూదూ సంప్రదాయంలో ఆమెను అలైలా అనే శక్తితో కలిపి కొలుస్తారు. చర్చి దీన్ని ఒప్పుకోదు. కొలిచేవాళ్లకు చర్చి అనుమతి అవసరమనిపించదు. 1937లో త్రుహియ్యో ఆదేశంతో సరిహద్దు ప్రాంతంలో వేలాది హైతీయులను ఊచకోత కోసిన తరువాత ఆ యాత్ర మునుపటిలా సాగలేదు. అయితే అదే కాలంలో తూర్పు ప్రాంతపు చెరకు తోటలకు హైతీ కూలీలను తెప్పించుకోవడం మాత్రం ఆగలేదు. 'బతేయ్' అనే కూలీ వాడల్లో వాళ్లు కాపురాలుండిపోయారు, పిల్లలను కన్నారు. ఇగ్వే ఇప్పుడు వాళ్లకు యాత్రాస్థలం మాత్రమే కాదు, సొంత జిల్లా ముఖ్యపట్టణం.

ఆ పట్టణం కూడా గుర్తుపట్టలేనంత మారింది. ఇగ్వే ముఖ్యపట్టణంగా ఉన్న ఆల్తాగ్రాసియా ప్రావిన్సులోనే పుంతా కానా, బావరో తీరాలు ఉన్నాయి. 1984లో పుంతా కానా విమానాశ్రయం తెరిచాక కొబ్బరిచెట్లు తప్ప మరేమీ లేని ఆ తీరం కరీబియన్‌లోని పెద్ద హోటళ్ల వరుసల్లో ఒకటిగా మారింది. తెల్లవారుజామున ఇగ్వే నుంచి హోటళ్లకు బస్సుల్లో వెళ్లేవాళ్లు వంటవాళ్లు, పక్కలు సర్దేవాళ్లు, తాపీ పనివాళ్లు. హోటళ్లలో దిగే విదేశీయుల్లో కొందరు ఓ పూట టూరు బస్సులో వచ్చి బసిలికా ఫొటోలు తీసుకుపోతారు. 2012లో రాజధాని నుంచి కొత్త రహదారి పూర్తయ్యాక యాత్ర గంటల పనైంది. రోజుల నడక తగ్గినా మోకాళ్ల మీద వచ్చేవాళ్లు తగ్గకపోవడం గమనించదగ్గది. దూరం పోతే కష్టాన్ని భక్తుడే కొని తెచ్చుకుంటాడు.

హోటళ్లు కట్టినవాళ్లలో హైతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు, చాలామందికి కాగితాలు లేవు. 2013లో దేశ రాజ్యాంగ న్యాయస్థానం, అనుమతి లేకుండా వచ్చిన విదేశీయులకు 1929 నుంచి పుట్టిన సంతానానికి పౌరసత్వం లేదని తీర్పు ఇచ్చింది. మూడు నాలుగు తరాలుగా అక్కడే ఉన్న కుటుంబాలు ఒక్క తీర్పుతో ఏ దేశానికీ చెందనివయ్యాయి. మరుసటి ఏడాది చేసిన చట్టం కొందరికి మాత్రమే ఊరటనిచ్చింది. 2024 అక్టోబరులో ప్రభుత్వం వారానికి పదివేల మంది దాకా వెనక్కి పంపుతామని ప్రకటించింది. ఈ విషయంలో చర్చి మాట ఒక్కటిగా లేదు: సరిహద్దు కాపాడుకునే హక్కు దేశానికి ఉందనే పీఠాధిపతులూ ఉన్నారు, వలస కూలీలతో కలిసి పనిచేసే గురువులూ ఉన్నారు. జాతీయవాదులు జనవరి 21ని దేశరక్షణ దినంగా చెప్పుకుంటారు, అందుకు 1691ని చూపిస్తారు. బతేయ్‌ల నుంచి వచ్చేవాళ్లు బిడ్డకు జ్వరం తగ్గాలనో, మగడికి పని దొరకాలనో వస్తారు. తనిఖీ అధికారులు ఆపే దారిలోనే రావాలి కనుక ఆ రోజుల్లో బయలుదేరాలా వద్దా అని లెక్క చూసుకోవాల్సింది వాళ్లే. బసిలికాలో వరుసలో నిలబడ్డవాళ్లను మాత్రం కాగితాలు అడిగే పద్ధతి లేదు.